సముద్రాన్ని దాచిపెట్టే ఉద్యోగం

భీమిలిలో సెప్టెంబరు సాయంత్రం. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటికి కాస్త ఇవతల, ఒడ్డుకు లాగిపెట్టిన పడవల పక్కన సిమెంటు దిమ్మ మీద ఇద్దరు కూర్చున్నారు. చేతుల్లో ముంత మసాలా పొట్లాలు. పెద్దాయన ముప్ఫై ఏళ్లకు పైగా సరుకు ఓడల ఇంజన్ రూముల్లో గడిపి చీఫ్ ఇంజనీరుగా రిటైరయ్యాడు. రెండోవాడు ఆయన చెల్లెలి కొడుకు. కరీబియన్ సముద్రంలోని బ్రిటిష్ వర్జిన్ ఐలాండ్స్‌లో అద్దె యాట్ నడిపే స్కిప్పర్. అక్కడ జూన్ నుంచి నవంబరు దాకా తుఫానుల కాలం. ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో పడవలు చాలావరకు కట్టేసి ఉంటాయి కనక ఏటా ఈ రోజుల్లోనే ఇంటికొస్తాడు. వచ్చిన ప్రతిసారీ ఇదే దిమ్మ, ఇదే తగువు.

తగువుకు మూలం ఒక్క మాట. ఊళ్లో ఎవరైనా "మీ మేనల్లుడు ఏం చేస్తాడండీ?" అని అడిగితే మావయ్య "ఓడలో పని" అనడు. "నీళ్ల మీద హోటల్లో పని" అంటాడు.

"అందులో అబద్ధమేటుందిరా?" అని ఆయన దబాయింపు. "వారానికి ఎనిమిది మందిని ఎక్కించుకుంటావు. పొద్దున కాఫీ ఇస్తావు, ఈత కొట్టిస్తావు. మధ్యాహ్నం ఓ రెండు గంటలు తెరచాప ఎత్తుతావు. సాయంత్రానికి ఇంకో దీవి దగ్గర కట్టేసి మందు పోస్తావు. దీన్ని నావికుడి బతుకంటార్రా? పాపికొండల లాంచీ సరంగు నీకంటే ఎక్కువ దూరం పోతాడు."

"దూరం లెక్క కాదు మావయ్యా. మా దీవులన్నీ ఒకదాని నుంచి ఒకటి కనిపిస్తూనే ఉంటాయి. ఆ సుఖం కోసమే జనం వస్తారు."

ఈ మాట మాత్రం నిజం. చిన్నా పెద్దా కలిపి అక్కడ 60 దాకా దీవులు, రాతి గుట్టలు. జనాభా 30 వేల పైచిలుకు, అంటే మన చిన్న మున్సిపాలిటీ పాటి. 1493లో కొలంబస్ అటుగా పోతూ, సెయింట్ ఉర్సులాతో పాటు ప్రాణాలు విడిచిన 11,000 మంది కన్యల కథ తలుచుకుని ఈ పేరు పెట్టాడు. పెద్ద దీవి టోర్టోలా, దాని మీదే రాజధాని రోడ్ టౌన్. దానికి దక్షిణాన నార్మన్, పీటర్, సాల్ట్, కూపర్, జింజర్ దీవులు వరసగా గోడ కట్టినట్టు నిలబడతాయి. ఆ గోడకూ టోర్టోలాకూ నడుమ ఉన్న నీటిదారి సర్ ఫ్రాన్సిస్ డ్రేక్ ఛానల్. పెద్ద అలలు చాలావరకు గోడ అవతలే ఆగిపోతాయి. గాలి ఆగదు. ఏడాదిలో ఎక్కువ రోజులు తూర్పు నుంచే, 15 నుంచి 20 నాట్ల వేగంతో, ఎవరో కొలిచి వదిలినట్టు వీస్తుంది. ఆటుపోట్ల తేడా అడుగుకు అటూ ఇటూ. కొత్తగా పడవ నడిపేవాడికి ఇంతకంటే మెత్తటి సముద్రం దొరకదు.

"బడిలో చదువుకున్నాం గదా, వ్యాపార పవనాలు," అన్నాడు మావయ్య. "పేరులోనే ఉందిరా మీ యాపారం."

మేనల్లుడు నవ్వాడు. "ఇంగ్లీషులో ఆ మాటకి అప్పట్లో వ్యాపారమని అర్థం కాదు మావయ్యా. నలిగిన దారి. ఎప్పుడూ ఒకే దారిన వీచే గాలి అని. మనవాళ్లే తర్జుమాలో వ్యాపారం చేసేశారు."

"అయితే తర్జుమా తప్పయినా జోస్యం నిజమైందన్నమాట."

దానికి ఎదురు చెప్పడం కష్టం. ఆ గాలిని అద్దె లెక్కల్లోకి తెచ్చినవాళ్లలో ముందు వరసలో చార్లీ కేరీ, జిన్నీ కేరీ అనే అమెరికన్ దంపతులు ఉంటారు. 1969లో రోడ్ టౌన్‌లో 6 పడవలతో ‘ది మూరింగ్స్’ అనే కంపెనీ మొదలుపెట్టారు. ఊరికి కొత్తగా వచ్చినవాడు కారు అద్దెకు తీసుకుని తనే నడుపుకున్నట్టు, పడవను కూడా తీసుకుని నడుపుకోవచ్చన్నది వాళ్ల పద్ధతి. దాన్ని బేర్‌బోట్ అంటారు. స్కిప్పర్‌తో, వంటమనిషితో కలిపి ఇచ్చేది రెండో రకం. మేనల్లుడు చేసేది ఈ రెండో రకం పని. ఇప్పుడు ఆ దీవుల చుట్టూ అద్దె పడవలు వందల్లో తిరుగుతాయి, వాటిలో ఎక్కువ భాగం కాటమరాన్లే.

కాటమరాన్ అనే మాట వినగానే మావయ్యకు మళ్లీ ఊపు వచ్చింది. ఎదురుగా ఇసుకలో ఉన్న పడవల వైపు చెయ్యి చూపించాడు. "కట్టుమరం అనే తమిళ మాటను పట్టుకుపోయి దొరలు అలా చేశారు. అంటే మన తెప్ప. నాలుగు దుంగలు తాళ్లతో బిగించి, దాని మీద కెరటం దాటి లోపలికి పోయినోడు నావికుడు. మీ దాంట్లో నాలుగు పడగ్గదులు, నాలుగు స్నానాల గదులు, ఐసు మిషను."

"పేరే మనది, రూపం మనది కాదు," అన్నాడు మేనల్లుడు. "రెండు సన్నటి పడవల్ని పక్కపక్కన పెట్టి మధ్యలో అరుగు వేసే పద్ధతి పసిఫిక్ దీవులవాళ్లది. 1876లో న్యూయార్క్ దగ్గర నథానియల్ హెరెషాఫ్ అనే ఆయన అమరిలిస్ అని అలాంటిది కట్టి పందెంలో అందర్నీ వెనకేశాడు. ఏం చేశారనుకున్నావు? మెచ్చుకోలేదు, ఆ రకం పడవల్నే పందేల్లోంచి తీసేశారు. నూరేళ్లు పోయాక అదే రూపం టూరిస్టులకి నచ్చింది. ఎందుకంటే ఒరగదు. బల్ల మీద గ్లాసు పెడితే పెట్టిన చోటే ఉంటుంది."

"అదీ నేను చెప్పేది. ఒరగని పడవెక్కి సముద్రం చూసొచ్చామంటారు."

"అదే మావయ్యా నా ఉద్యోగం. వాళ్లకి సముద్రం తగలకుండా దాచిపెట్టడం."

ఆయన పొట్లంలో మరమరాలు వేళ్లతో కెలుకుతూ ఆగిపోయాడు. మేనల్లుడు తన రోజు గురించి చెప్పడం మొదలుపెట్టాడు.

అతిథులు లేవకముందు, ఐదున్నరకు, ఇంజన్ ఆయిల్ చూడాలి. చల్లదనం కోసం ఇంజన్ పీల్చుకునే సముద్రపు నీటి జల్లెడలో నాచు ఇరుక్కుందేమో చూడాలి. రాత్రంతా రాసుకున్న తాడు ఎక్కడైనా అరిగిందేమో తడిమి చూడాలి. తర్వాత తూర్పు వైపు ఆకాశం. అడుగు నల్లగా, చదునుగా ఉన్న మబ్బు ఒకటి వస్తోందంటే దాని కింద గాలి ఒక్కసారిగా రెట్టింపు కావచ్చు. అది వచ్చాక తెరచాప తగ్గిస్తే జనం హడలిపోతారు. అందుకని పావుగంట ముందే, ఏదో తీరిగ్గా సర్దుతున్నట్టు, చాపలో కొంత భాగం మడిచేస్తాడు. మధ్యాహ్నానికల్లా పేరున్న అఖాతాల్లో కట్టుకునే బోయాలన్నీ నిండిపోతాయి. "భోజనం అక్కడ చేద్దామా, నీళ్లు భలే నీలంగా ఉంటాయి" అని పదింటికే బయల్దేరదీస్తాడు. కడుపులో తిప్పుతున్న పిల్లాడు ముందుగా ముఖం వాడిపోయి మాట మానేస్తాడు. వాణ్ని పిలిచి చక్రం చేతికిచ్చి, దూరంగా కొండ కొమ్ము కేసి చూస్తూ తిప్పమంటాడు. పిల్లాడికి కెప్టెనయ్యానన్న గర్వం. కళ్లు దూరంలో నిలిచాయి కనక వాంతి ఆగిపోతుంది.

"వారం అయిపోయాక దిగేటప్పుడు అందరూ ఒకటే మాట: అదృష్టం బాగుంది, వాతావరణం కలిసొచ్చింది అని. వాళ్లు అలా అనుకుంటేనే నేను సరిగ్గా చేసినట్టు."

ఇది మావయ్య బలహీనత మీద పడిన దెబ్బ. ఓడలో ఇంజన్ రూమును ఎవరూ తలుచుకోరు, ఆగిపోయినప్పుడు తప్ప. ఆ బాధ ఆయన ముప్ఫై ఏళ్లు పడ్డాడు. కానీ వాదన వదిలే మనిషి కాదు.

"మా ఓడలో ఇంజనుందని అందరికీ తెలుసురా. నువ్వు అసలు సముద్రమే లేదని నమ్మిస్తన్నావు. వాడు ఇంటికెళ్లి, ఇంతేనా ఇది అనుకుని, పై ఏడు పడవ అద్దెకి తీసుకుని తనే నడుపుతానంటాడు. అప్పుడు?"

అప్పుడేమవుతుందో మేనల్లుడికి బాగా తెలుసు. చాలా కంపెనీలు అడిగేది లైసెన్సు కాదు, ఇంతవరకు ఏయే పడవలు నడిపారో రాసిమ్మంటాయి. అనుమానముంటే ఒకట్రెండు రోజులు ఒక స్కిప్పర్‌ను తోడిస్తాయి. తాళ్లు చాలకుండా లంగరేసి, నిద్రపోయి, లేచి చూసుకుంటే పక్కవాడి పడవకు ఆనుకుని ఉన్నవాళ్లను అతను చూశాడు. లంగరు గొలుసు నీటి లోతుకు ఐదు రెట్లన్నా వదలాలని వాళ్లకు చెప్పే ఉంటారు. విన్న సంగతి వేరు, రాత్రి రెండు గంటలకు గాలి తిరిగినప్పుడు గుర్తుకు రావడం వేరు.

"ఒప్పుకుంటాను," అన్నాడు. "కానీ హోటల్ పని అని తీసిపారెయ్యకు మావయ్యా. కచ్చులూరు మర్చిపోయావా?"

మావయ్య మాట్లాడలేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరిలో కచ్చులూరు దగ్గర పాపికొండల విహారానికి బయల్దేరిన పడవ మునిగిపోయింది. ఇందాక సరంగును పొగిడింది తనే. నీళ్ల మీద షికారు తిప్పడం ఎంత బరువైన పనో ఈ తీరంలో ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు.

ఆ మౌనం తేలిక చేయడానికన్నట్టు మేనల్లుడు తన అసలు శత్రువు గురించి చెప్పాడు: మరుగుదొడ్డి. పడవలో గొట్టాలు సన్నం. నమిలి మింగినది తప్ప ఇంకేదీ అందులో వెయ్యకూడదని మొదటి గంటలోనే బతిమాలి చెబుతాడు. మూడో రోజుకు ఎవరో ఒకరు తడి తుడుపుగుడ్డ వేస్తారు. గాలీ, కెరటం తెచ్చిపెట్టిన చిక్కులకంటే ఆ గొట్టాలు విప్పడంలో గడిచిన గంటలే ఎక్కువ. దానితర్వాత మంచినీళ్లు. నలభై ఐదు అడుగుల పడవ ట్యాంకుల్లో 700, 800 లీటర్లు పడతాయి. ఎనిమిది మంది ఉప్పునీట్లో దూకిన ప్రతిసారీ మంచినీళ్ల స్నానం చేస్తే రెండున్నర రోజులు. దీవుల్లో నదుల్లేవు. ఇళ్ల కప్పుల మీద పడ్డ వాన నీటిని కింద తొట్లలో పట్టుకుని బతికిన ఊళ్లవి. ఆ ఊళ్ల ముందు లంగరేసి షవరు కింద పాటలు పాడుకునేవాళ్లను చూస్తే తనకూ చిరాకే అన్నాడు.

"హమ్మయ్య, నా మేనల్లుడివే," అన్నాడు పెద్దాయన. ఇంజనీరుకు గొట్టాల కథ ఎప్పుడూ చేదు కాదు.

సముద్రం దాగని చోటు కూడా అక్కడ ఒకటుంది. అనెగాడా. స్పానిష్‌లో మునిగినదని అర్థం. తక్కిన దీవులు అగ్నిపర్వతాలు కట్టిన కొండలైతే ఇది సున్నపురాయితో, పగడపు రాయితో ఏర్పడిన పలక. ఎక్కడ నిలబడ్డా ఎత్తు 28 అడుగులు మించదు. వర్జిన్ గోర్డా అనే దీవి ఉత్తర కొస నుంచి బయల్దేరితే చాలాసేపు ముందు ఏమీ కనిపించదు, ఖాళీ నీళ్లు. తర్వాత నీళ్లలోంచి నేరుగా మొలిచినట్టు కొబ్బరిచెట్ల తలలు. దాని చుట్టూ హార్స్‌షూ రీఫ్, దాదాపు 18 మైళ్ల పగడపు దిబ్బ, వందల ఓడల్ని మింగింది. అక్కడికి పోవద్దని అద్దె కాగితాల్లో షరతు పెట్టే కంపెనీలు ఇప్పటికీ ఉన్నాయి. జీపీఎస్ చేతిలో ఉన్నా సూర్యుడు నడినెత్తిన ఉన్న వేళ చూసుకునే అందులోకి పోతాడు అతను. నీటి రంగు అప్పుడే నిజం చెబుతుంది. ముదురు నీలమైతే లోతు, లేత నీలమైతే ఇసుక, గోధుమ రంగు కనిపిస్తే చక్రం తిప్పు. పడమటి ఎండ ఎదురైతే ఈ రంగులన్నీ ఒకటే వెండి రేకైపోతాయి.

"మన తండేలు చేసేదీ అదే," అన్నాడు మావయ్య, తనకు తెలియకుండానే అతని పక్షానికి జరుగుతూ. "రంగు చూసే చెబుతాడు."

అనెగాడాలో రాత్రి భోజనానికి లాబ్‌స్టర్ కావాలంటే సాయంత్రం నాలుగులోపు రేడియోలో చెప్పాలి. అది పెద్ద రొయ్య జాతి, ఇనుప పీపాల్లో కట్టెలు పేర్చి కాలుస్తారు. చేపల విషయంలో మాత్రం అతిథులు అత్యాశకు పోతారు. పడవ వెనక గాలం కట్టి బారాకుడాను లాగి, వండమంటారు. అతను మళ్లీ నీళ్లలో వదిలేస్తాడు. పగడపు దిబ్బల మీది సూక్ష్మజీవుల విషం చిన్న చేపల్లోంచి పెద్ద చేపల్లోకి చేరి నిలవుంటుంది. దాన్ని సిగ్వాటెరా అంటారు. ఉడికించినా పోదు, ఐసులో పెట్టినా పోదు. తిన్నవాడికి చల్లటి నీళ్లు ముట్టుకుంటే కాలినట్టుంటుంది. అలాగే వాన వస్తే ఒడ్డున నీడకు పరుగెత్తేవాళ్లను ఆపాలి. అక్కడి తీరాల్లో మాంచినీల్ అనే చెట్టుంది, పచ్చటి చిన్న ఆపిల్ పండ్లు కాస్తుంది. ఆకుల మీంచి కారిన నీటి బొట్టు పడినా ఒళ్లు బొబ్బలెక్కుతుంది. సముద్రాన్నే కాదు, దీవినీ దాచాలన్నమాట.

మావయ్యకు ఆ దీవులన్నిటిలో నచ్చేది ఒకే ఒక్క చోటు. చూడకపోయినా దాని మీద ఆయనకు చదువుంది: రోన్ అనే స్టీమరు మునిగిన చోటు. 1867 అక్టోబరు 29న ఆ మెయిల్ ఓడ పీటర్ దీవి దగ్గర లంగరేసి ఉండగా తుఫాను వచ్చింది. మధ్యలో గాలి ఆగింది. తెరిపి దొరికిందని కెప్టెన్ రాబర్ట్ వూలీ బయటి సముద్రంలోకి తప్పించుకుపోవాలని చూశాడు. సాల్ట్ దీవి కొస దాటుతుండగా తుఫాను రెండో సగం ఎదురు దిక్కు నుంచి కొట్టి ఓడను రాళ్ల మీదికి నెట్టింది. మరుగుతున్న బాయిలర్ల మీదికి చల్లటి నీళ్లు దూసుకొచ్చాయి.

"పేలకేం చేస్తాయి," అన్నాడు మావయ్య, నిన్న జరిగినట్టు. "ఓడ రెండు ముక్కలైపోయింది. 120 మందికి పైగా పోయారు. హుద్‌హుద్ తుఫాను రోజున మనకీ మధ్యలో గాలి ఆగలేదా? జనం బయటికొచ్చి పడిన చెట్లు చూసుకుంటన్నారు. నేను అరిచి అరిచి లోపలికి పంపాను, ఇది సగమేరా అని."

2014 అక్టోబరు 12 అది. ఈ తీరంలో ఆ తేదీ ఎవరూ కేలెండరు చూసి చెప్పరు.

ఇప్పుడు ఆ ఓడ అవశేషాల చుట్టూ జాతీయ పార్కు. అతిథులు స్నార్కెల్ గొట్టాలు పెట్టుకుని పైనుంచి ఆ కంచు ప్రొపెల్లర్ను చూస్తారు. చచ్చిపోయినవాళ్ల మీద ఈత కొట్టడమేమిటని మావయ్య అభ్యంతరం. తాను బాయిలర్ల సంగతి చెప్పకుండా ఎవర్నీ దూకనివ్వనని మేనల్లుడి సమాధానం. ఇక్కడ మావయ్య వాదన కాస్త చాదస్తమే అనాలి. చూడనిచ్చినందువల్లే ఆ ఓడ జనానికి గుర్తుంది.

ఆయన బలమైన వాదన తర్వాత వచ్చింది. "మీ లంగర్లు ఆ సముద్రాన్ని దున్నేస్తన్నాయట కదా?"

అవును. నీటి అడుగున గడ్డి మైదానాలుంటాయి, తాబేళ్లు మేసేవి. లంగరు పడిన చోట, గొలుసు ఈడ్చిన చోట అవి బట్టతలలా అయిపోతాయి. అంతకంటే చిత్రమైన సంగతి ఇంకోటుంది. హాలోఫిలా స్టిపులేసియా అనే గడ్డి ఎర్రసముద్రానికి, మన హిందూ మహాసముద్రానికి చెందినది. కరీబియన్‌లో మొదటిసారి 2002లో గ్రెనడా దగ్గర కనిపించింది. అప్పట్నుంచి ఒక దీవి నుంచి ఇంకో దీవికి పాకుతూనే ఉంది. దాన్ని మోసుకెళ్లే వాహనాల్లో షికారు పడవల లంగర్లు ముఖ్యమైనవని శాస్త్రజ్ఞుల లెక్క.

"సరే, కరీబియన్ లోపల మేమే పంచిపెట్టాం. మరి అంత దూరం అట్లాంటిక్ దాటించిందెవరు మావయ్యా? అద్దె పడవలా?"

చీఫ్ ఇంజనీరుకు ఆ ప్రశ్నలోని ముల్లు తెలుసు. ఓడ ఖాళీగా ఉన్నప్పుడు బరువు కోసం ఒక రేవులో నీళ్లు నింపుకుని ఇంకో రేవులో వదిలేయడం, ఆ నీళ్లతో పాటు గుడ్లూ గింజలూ లోకమంతా తిరగడం ఆయన కళ్ల ముందు జరిగినదే. ఆ నీటిని శుద్ధి చేసి వదలాలనే అంతర్జాతీయ ఒప్పందం 2004లో కుదిరితే, అమల్లోకి వచ్చేసరికి 2017 సెప్టెంబరు 8 అయింది. ఆయన పంపులు తిప్పిన రోజుల్లో ఎవరూ అడగలేదు.

"మేమూ వదిలాం," అన్నాడు చివరికి. "రుజువు లేదు గాని, వదిలే ఉంటాం."

లయన్‌ఫిష్ అనే ముళ్ల చేప మాత్రం ఓడల పాపం కాదు. హిందూ, పసిఫిక్ మహాసముద్రాల చేప అది. అమెరికాలో అద్దాల తొట్లలో పెంచుకునేవాళ్లు సముద్రంలో వదలడంతో మొదలైందని ఎక్కువమంది చెప్పే కారణం. ఇప్పుడు కరీబియన్ దిబ్బల మీద పిల్ల చేపల్ని ఊడ్చి తింటోంది. ఈటెతో పొడిచి తెస్తే వంటమనిషి ముళ్లు కత్తిరించి వేపుడు చేస్తుంది. ఇదొక్కటి అతిథులకు ధైర్యంగా పెడతానంటాడు.

పొట్లాలు ఖాళీ అయ్యాయి. మావయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు, ఇసుకలో పారేయడం ఆయనకు గిట్టదు. "ఇంతకీ డబ్బెవరిదిరా?"

ఆ ప్రశ్న దగ్గర మేనల్లుడు ప్రతి ఏడూ తడబడతాడు. పడవల్లో చాలా భాగం దీవులవాళ్లవి కావు, కంపెనీవి కూడా కావు. అమెరికాలోనో యూరప్‌లోనో ఉండే డాక్టరు, వ్యాపారి డబ్బు పెట్టి కొంటారు. కంపెనీ దాన్ని ఐదారేళ్లు అద్దెకు తిప్పి వాళ్లకు నెలనెలా ఇంతని ఇస్తుంది, ఏడాదికి కొన్ని వారాలు వాళ్లూ వచ్చి తిరగొచ్చు. దీవి వాళ్లకు మిగిలేది టాక్సీలు, రేవులో మరమ్మతులు, సరుకుల దుకాణాలు, ఒడ్డున బార్లు. ఒకప్పుడు అక్కడివాళ్లే చెక్కతో తెరచాప పడవలు కట్టుకుని పశువుల్నీ బొగ్గునీ పక్కనున్న సెయింట్ థామస్‌కు మోసి అమ్మేవాళ్లు. వాటిని టోర్టోలా స్లూప్‌లంటారు. ఇప్పుడు మిగిలినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

"తూర్పుగాలి వాళ్లది, తెరచాప ఇంకోడిది," అన్నాడు మావయ్య. "పైగా బానిసల మునిమనవల చేత గ్లాసులు అందిస్తన్నారు."

అక్కడ మేనల్లుడికి కోపం వచ్చింది. "వాళ్లని నువ్వు చూడలేదు మావయ్యా. 1834 ఆగస్టు 1న బానిసత్వం పోయింది. ఇప్పటికీ ఏటా ఆగస్టులో దాని పండగ, ఊరంతా వీధుల్లోనే. జోస్ట్ వాన్ డైక్ అని చిన్న దీవి ఉంది, మూడు నాలుగు వందల మంది కూడా ఉండరు. అక్కడ ఒడ్డున బారు పెట్టుకుని గిటారు వాయించే ఫాక్సీ కాల్‌వుడ్ పేరు అట్లాంటిక్‌లో తిరిగే సెయిలర్లందరికీ తెలుసు. నేల వాళ్లది. నా పడవ కట్టాలన్నా వాళ్లని అడిగి కట్టాలి. వాళ్లు గ్లాసు అందిస్తే అది వాళ్ల దుకాణం."

నార్మన్ దీవి దగ్గర నీళ్ల మీదే తేలే బారు ఒకటి ఉంది, విలియం థార్న్‌టన్ పేరు పెట్టారు, జనం విల్లీ టీ అంటారు. జోస్ట్ వాన్ డైక్‌లో పుట్టిన ఆ థార్న్‌టన్ వాషింగ్టన్‌లో అమెరికా చట్టసభ భవనానికి నమూనా గీసినవాడు. ఆ సంగతి ఎరిగి అక్కడ తాగేవాళ్లు తక్కువ. అందులోంచి నీళ్లలోకి దూకి వీపు నొప్పులు తెచ్చుకునేవాళ్లు ఎక్కువ.

2017 సెప్టెంబరు 6 మధ్యాహ్నం ఈ సరదా అంతా ఒక్క పూటలో పోయింది. ఇర్మా తుఫాను గంటకు దాదాపు 295 కిలోమీటర్ల గాలితో టోర్టోలా మీదుగా పోయింది. పెరాక్విటా బే అనే అఖాతాన్ని తుఫానుల్లో దాక్కునే చోటుగా నమ్మి అద్దె పడవల్ని వందల్లో అక్కడే కట్టారు. తెల్లారేసరికి అవి ఒకదాని మీద ఒకటి, అగ్గిపెట్టె కుమ్మరించినట్టు ఉన్నాయి. విల్లీ టీ ఒడ్డెక్కింది. దాన్ని తర్వాత పీటర్ దీవి దగ్గర ముంచి డైవర్లకు వదిలేసి, పేరును కొత్త ఓడకు పెట్టారు. ఉపగ్రహ చిత్రాల్లో పచ్చటి దీవులు మట్టిరంగులోకి మారిపోయి కనిపించాయి, ఆకు అన్నది మిగల్లేదు. రెండు వారాలకే మరియా అనే ఇంకో తుఫాను. అయినా ఆ శీతాకాలానికే కొన్ని పడవలు అతిథులతో మళ్లీ బయల్దేరాయి. కప్పు లేని ఇళ్ల ముందు సెలవులు గడపడం సిగ్గుచేటన్నవాళ్లున్నారు. రండి, డాలర్లు లేకపోతే కప్పు ఎలా వేసుకుంటామన్నది దీవి జనం. ఈ విషయంలో మావయ్య తీర్పు చెప్పలేదు. హుద్‌హుద్ తర్వాత బీచ్ రోడ్డు దుకాణాలవాళ్లు జనం కోసం ఎలా ఎదురుచూశారో ఆయనకు గుర్తుంది.

చీకటి పడుతోంది. లైట్‌హౌస్ దీపం వెలిగింది. మేనల్లుడు జేబులోంచి ఫోను తీసి ఏదో చూసి మళ్లీ పెట్టేశాడు. ఇందాకటి నుంచి అది నాలుగోసారి.

"ఏట్రా అది?"

అమెరికా తుఫానుల కేంద్రం వాళ్ల పటం. ఆఫ్రికా పడమటి తీరం దాటి సముద్రంలో ఒక నారింజ రంగు మరక. వారంలోగా అది తుఫాను కావచ్చు, కాకపోవచ్చు. మావయ్య కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి ఫోను ముఖానికి దగ్గరగా పెట్టుకున్నాడు.

"నీ పడవెక్కడుంది?"

"గ్రెనడాలో. నేల మీదికి ఎక్కించేశాం. 12 డిగ్రీల దగ్గర ఉంటుంది, దక్షిణాన. ఇన్సూరెన్సువాళ్లు ఈ నెలల్లో అక్కడికి పంపమంటారు."

"అక్కడికి రాదా?"

"తక్కువ. కానీ 2024 జులై 1న బెరిల్ అనే తుఫాను వచ్చింది. పక్కనున్న కరియాకూ దీవిలో మడ చెట్ల మధ్య దాచిన పడవలు కూడా పోయాయి."

"దేనికి కట్టారు?"

"నేలలో పాతిన సిమెంటు దిమ్మలకి. ఆరు పట్టీలు."

"దిమ్మ ఎంత లోతు?"

మేనల్లుడికి తెలియదు. మావయ్య ఫోను తిరిగి ఇచ్చాడు. ఇక్కడ సాయంత్రం ఆరున్నరైతే అక్కడ పొద్దున తొమ్మిది, పడవల యార్డు తెరిచే ఉంటుంది. అవతల రింగవుతుంటే పెద్దాయన ఇంకో రెండు ప్రశ్నలు చేర్చాడు. తెరచాపలు దించేశారా, చుట్టి వదిలేశారా? పట్టీలు కొత్తవా, పోయినేటివా?